మలుపు దగ్గరి గూడు

సెర్రో మూదో కొండ
మార్చి 2

రొసెందా,

ఎండబెట్టి గుచ్చిన ఆల్చిప్పల మాంసం దండ అందింది. వంటగదిలో మేకుకు తగిలించాను. ఇల్లంతా మీ ఓడరేవు వాసన. అత్తయ్యకు నా కృతజ్ఞతలు చెప్పు.

ఈ ఉత్తరం వెనకాలే ఒక పెట్టె వస్తుంది. నవంబరులో నువ్వూ అత్తయ్యా వచ్చినప్పుడు మలుపు దగ్గర మీ అక్క పేరిట కట్టిన గూట్లో మీరు పెట్టి వెళ్ళిన బ్యాటరీ దీపం అందులో ఉంది. తిప్పి పంపుతున్నాను. ఊళ్ళోవాళ్ళు బ్యాటరీలు మారుస్తూ ఉంటే అది తెల్లవార్లూ వెలుగుతోంది. నా టెలిస్కోపు గుమ్మటంలోంచి నేరుగా కనబడుతుంది. నేను అక్కడ కూర్చుని పని చేయాలి.

రేడియోలో చెబుతున్న రాయి సంగతి నిజమే. ఏప్రిల్ 19 రాత్రి భూమి పక్క నుంచి వెళుతుంది, చంద్రుడి కంటే దగ్గరగా. తాకదు. దాన్ని కనిపెట్టింది ఉత్తరాది వాళ్ళు. ఇప్పుడది దక్షిణపు ఆకాశంలోకి దిగింది కాబట్టి వాళ్ళకు కనబడదు. రోజూ కొలుస్తున్నది నేను. ఈసారి తాకదని చెప్పడం సులువు. మళ్ళీ వచ్చినప్పుడు ఏ దారిన వస్తుందో చెప్పాలంటే, దగ్గరగా వెళ్ళే ఆ ఒక్క రాత్రి సరిగ్గా కొలవాలి. అందుకే కొండ మీద అందరికీ చీకటి కావాలి.

అత్తయ్య భయపడుతోందని రాశావు. భయం అక్కర్లేదని చెప్పు. కొలిచే మనిషి చెప్పాడని చెప్పు.

ద్రాక్ష కోతలు అయిపోవచ్చాయి. ఈ ఏడు ఎండుద్రాక్ష పంపలేను. ఎండబెట్టేది ఆమె.

ఎలిసేయో


తాల్కావానో
మార్చి 9

బావా,

పెట్టె అందింది. పోస్టుమాన్ నవ్వుతూ, "ఏంటమ్మా, ఎవరో బహుమతి పంపినట్టున్నారు" అన్నాడు. "బహుమతి కాదయ్యా, మా అక్క దీపం. మా బావ ఆర్పేసి పంపాడు" అన్నాను. పాపం, ఆ మనిషి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ దాన్ని బల్ల మీద పెట్టుకుని మీట నొక్కింది. వెలిగింది. "పాడవలేదు కదే, మరెందుకు పంపాడు?" అంది. ఏం చెప్పమంటావు? నేను చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళుగా చేస్తున్న పని ఇదేగా, చెడిన సరుకు వెనక్కి పంపడం. ఆ సరుకు మీద కూడా ఎందుకు చెడిందో ఓ ముక్క రాసి పంపుతాం. నువ్వు రాసిన ముక్క ఏంటి? "నేను పని చేయాలి." అంతేనా? చేసుకో బావా. నీ పనికి మా అక్క అడ్డం వచ్చింది ఎప్పుడూ లేదు, చచ్చాక వచ్చిందా?

ఇక్కడ అందరికీ ఆ రాయి పిచ్చి పట్టింది. ఎదురింటి ఒదీలియా కోళ్ళన్నీ కోసేసింది, అందరం పోయాక వీటిని ఎవరు తింటారని. రాయి రాకపోతే ఇక గుడ్లకు మా ఇంటికే వస్తుంది, చూస్తూ ఉండు. ఫాదరు ఆ రాత్రి చర్చి మూయనన్నాడు. అమ్మ మాత్రం చర్చికి వెళ్ళనంటోంది. "ఏదైనా అయ్యేదుంటే నా కూతురి దగ్గరే అవ్వాలి" అంటోంది. ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి. నేనేం అనను? తీసుకొస్తాను.

ఇంకో మాట. ఇన్నాళ్ళూ అడగలేదు. శవాన్ని దింపిన రోజు అడగలేదు, నవంబరులో నీ వంటగదిలో కూర్చుని నీ టీ తాగుతూ కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. పోలీసులు రాసింది నేను చదివాను. బండి లోయలో పడ్డప్పుడు లైట్ల మీట చిన్న లైట్ల దగ్గరే ఉంది. హెడ్‌లైట్లు వేయలేదు. అక్కకు పద్దెనిమిదేళ్ళప్పటి నుంచి నాన్న లారీ నడపడం వచ్చు. పొగమంచులో, వానలో, ఈ ఓడరేవు బురదలో నడిపింది. అలాంటి మనిషి కొండ రోడ్డు మీద చీకట్లో లైట్లు వేయడం మర్చిపోతుందా?

మర్చిపోలేదు. మీ కొండ మీద నియమం ఉంది, అదే చంపింది. పొద్దు కుంకాక హెడ్‌లైట్లు వేయకూడదట, టెలిస్కోపుల అద్దాలకు వెలుగు తగలకూడదట. మీ అద్దాలు చల్లగా ఉండాలి, ఆకాశం నల్లగా ఉండాలి, మనుషులు మాత్రం తడుముకుంటూ దిగాలి.

నువ్వు ఆ చీకటికి కాపలాదారువి. అందుకే దీపం పంపేశావు.

రొసెందా

ఆల్చిప్పలు నానబెట్టకుండా ఉడికించకు. నీకు తెలీదు, అక్కకు తెలుసు.


సెర్రో మూదో కొండ
మార్చి 16

రొసెందా,

నియమం గేటు దాకానే. గేటుకు పైన, పెద్ద టెలిస్కోపులు ఉన్న చోట, రాత్రిళ్ళు చిన్న లైట్లతో నడపాలి. అక్కడ మెల్లగా పోతారు, రోడ్డు పక్కన తెల్లరాళ్ళు పాతి ఉంటాయి, ఇన్నేళ్ళలో అక్కడ ఒక్కరూ పడలేదు. దిగుతూ గేటు దాటగానే బోర్డు ఉంది: హెడ్‌లైట్లు వేయండి. గూడు ఉన్న మలుపు గేటుకు కింద. నవంబరులో నీ కళ్ళతో చూశావు. నియమం ఆమెను చంపలేదు. ఇంకోసారి ఆ మాట రాయకు.

నీకు తెలియని సంగతులు ఇక్కడ వేరే ఉన్నాయి. నువ్వూ అత్తయ్యా కలిసి కట్టింది దారిన పోయేవాళ్ళు తలవంచి పోయే చిన్న గూడు. ప్రాణం పోయిన చోట రాళ్ళు పేర్చి, లోపల ఫొటో, ఒక కొవ్వొత్తి. అది అలాగే ఉండి ఉంటే బాగుండేది. ఇప్పుడు రోజూ సాయంత్రం లోయలోంచి జనం వస్తున్నారు. ఆమె బతికుండగా చాలామందికి పురుళ్ళు పోసింది, ఇంజెక్షన్లు ఇచ్చింది. ఇప్పుడు రాయిని కూడా ఆమే చూసుకోవాలట.

బావుదీలియో తెలుసుగా, నదికి అవతల ద్రాక్షతోట. మొన్న నన్ను మలుపు దగ్గర ఆపాడు.

"దోన్ ఎలిసేయో, మీ ఆవిడతో ఓ మాట చెప్పండి. పడితే పడనీయండి గానీ మా తోట మీద మాత్రం వద్దని."

"అది ఎక్కడా పడదు. నేను కొలిచాను."

"ఆవిడ మాటిచ్చిందన్నమాట" అని టోపీ తీసి గూటికి దండం పెట్టి పోయాడు.

రేకు పలకల మీద రంగుతో రాసి తగిలిస్తున్నారు. 'రాయిని మళ్ళించిన నర్సమ్మకు కృతజ్ఞతలు.' రాయి ఇంకా రానే లేదు. కృతజ్ఞత ముందే చెబితే ఆమె మొహమాటానికైనా చేస్తుందని వీళ్ళ లెక్క. అంత మొహమాటం ఉన్న మనిషే, అది నిజం. ఒకడు మేక జున్ను పెట్టి పోయాడు. ఇంకొకడు ఆవుల గిట్టల పుండుకు మందు అడిగాడు, రాయితో పాటు అది కూడా అని.

వీళ్ళందరూ లారీల్లో వస్తారు. వెళ్ళేటప్పుడు చీకటి పడుతుంది. ఆ మలుపులో తిరిగే ప్రతి లారీ లైటూ నా గుమ్మటం మీద పడుతుంది. డైరెక్టరు పిలిపించాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. "మీ బాధ నాకు అర్థమైంది, అయితే ఏప్రిల్ లోపు గూడును కింద శ్మశానానికి మార్పించండి, లేకపోతే మా మనుషులు మారుస్తారు" అన్నాడు. అర్థమైన మనిషి అడిగే మాట కాదు అది. నేను చూసుకుంటానన్నాను.

అత్తయ్యను తీసుకురావద్దు. రెండు బస్సులు మారాలి, ఎత్తు ఎక్కువ, చలి మొదలైంది. పైగా చూడడానికి ఏమీ ఉండదు. ఆ రాయి కంటికి ఆనదు. రేడియోవాళ్ళు ఈ ఒక్క ముక్క చెప్పరు.

నవంబరులో మీ అక్క బట్టలు అడిగావు. బీరువా ఇంకా తెరవలేదు.

ఎలిసేయో


తాల్కావానో
మార్చి 28

బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నా, అక్క పెట్టిన వరస కాబట్టి.

మీ కొండ బస్సు నడిపే నిబాల్దో పెళ్ళాంతో నిన్న ఫోనులో మాట్లాడాను. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా, తర్వాత నేను కల్పించానంటావు.

"మీ బావ గడ్డపార పట్టుకుని గూడు విప్పేస్తున్నాడమ్మా. మా ఆయన బస్సు ఆపి, ఏంటి దోన్ ఎలిసేయో, ఒక చెయ్యి వేయనా అంటే, 'రాళ్ళు ఎత్తు, మాట్లాడకు' అన్నాడట. ఫొటో తీసి చొక్కా లోపల పెట్టుకున్నాడట. మేం ఇదే అనుకున్నామమ్మా, మనిషికి మతి పోయిందని."

నువ్వు చూసుకుంటానన్నది ఇదా? డైరెక్టరు మనుషులు చేస్తే కనీసం వాళ్ళను తిట్టుకుని ఊరుకునేదాన్ని. నీ చేత్తో చేశావు.

బావా, నువ్వు చదువుకున్నవాడివి. చుక్కల లెక్కలు తెలుసు. ఈ ఒక్కటి నీకు ఎవరూ నేర్పలేదా? శ్మశానంలో ఉండేది ఒళ్ళు. ప్రాణం పోయిన చోటే ప్రాణం ఉంటుంది. ఇక్కడ సముద్రంలో పోయినవాళ్ళకు కూడా ఒడ్డున ఏ రాతి మీద నుంచి చివరిసారి కనబడ్డారో ఆ రాతి దగ్గరే గూడు కడతాం. దాన్ని జరపరు. రోడ్డు వేసేవాళ్ళు కూడా దాని చుట్టూ వంచి వేస్తారు గానీ ముట్టుకోరు. నువ్వు గడ్డపార వేశావు.

అమ్మకు చెప్పక తప్పలేదు. చెప్పాక ఆవిడ ఏడవలేదు. కుట్టుపెట్టె తెచ్చుకుని నా పాత కోటుకు బొత్తాలు కుట్టడం మొదలుపెట్టింది. "ఏంటమ్మా ఇది?" అంటే, "కొండ మీద చలి అన్నాడుగా" అంది. అంటే వస్తున్నాం. నీ ఇంట్లో దిగం. నిబాల్దో ఇంట్లో దిగుతాం. మా కొవ్వొత్తులు మేం తెచ్చుకుంటాం. గూడు లేకపోతే నేల మీద వెలిగిస్తాం. నీ అద్దం పగిలిపోతే పోనీ.

నువ్వు నన్ను అడగొద్దన్న మాట మళ్ళీ అడుగుతున్నా. నియమం గేటు దాకానే అన్నావు, సరే, ఒప్పుకున్నా. బోర్డు ఉందన్నావు, ఒప్పుకున్నా. మరి గేటు దాటాక కూడా అక్క లైట్లు ఎందుకు వేయలేదు? నీకు తెలుసు. తెలియకపోతే 'తెలీదు' అని రాసేవాడివి. నువ్వు అబద్ధం రాయవు, అదొక్కటే నీలో మంచి గుణం. నిజం కూడా రాయవు, అదే నీ జబ్బు.

రొసెందా


సెర్రో మూదో కొండ
ఏప్రిల్ 11

రొసెందా,

అడిగావు. ఒక్కసారి రాస్తాను.

పెద్ద టెలిస్కోపులన్నీ కొండ నెత్తిన ఉన్నాయి. నా చిన్న గుమ్మటం ఒక్కటీ కింది భుజం మీద విడిగా ఉంది. గేటుకు కింద ఆ ఒక్క మలుపు నా గుమ్మటానికి ఎదురుబొదురు. నియమం పెట్టినవాళ్ళు పెద్దవాటి గురించే ఆలోచించారు. నా గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆమె ఆలోచించింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి లైట్లు వేసుకుని దిగింది. అప్పుడు తీస్తున్న ఫొటో పాడైంది. నేనేమీ అనలేదు, ఫొటో మాత్రం చూపించాను. అప్పటి నుంచి ఆ మలుపు దాటేదాకా చిన్న లైట్ల మీదే వెళ్ళేది. ఆ తర్వాతే హెడ్‌లైట్లు వేసేది. లోపల ఉన్న నాకు ఆమె వెళ్ళినట్టు ఇంజను చప్పుడును బట్టే తెలిసేది.

కిందటి జూలైలో ఆ రాత్రి ఊళ్ళో ఎవరికో పురిటి నొప్పులని కబురు వచ్చింది. బయలుదేరింది. ఎప్పటిలాగే దిగింది.

ఆ రాత్రి గుమ్మటం మూసి ఉంది. గాలిలో తేమ ఎక్కువ. సాయంత్రమే మూసేసి నేను లోపల పడుకున్నాను. ఫొటో తీయడం లేదు. పాడవడానికి ఏమీ లేదు. ఆమె బండిలో నాతో మాట్లాడే రేడియో ఉంది. మీట నొక్కి గుమ్మటం తెరిచావా అని ఒక మాట అడిగితే, లేదని చెప్పేవాణ్ణి. పనిలో ఉన్నానని అడగలేదు. ఎప్పుడూ అడిగేది కాదు.

నీకు నా మీద కోపం. నాకు ఆమె మీద కోపం. తొమ్మిది నెలలుగా ఇంకే పనీ లేదు నాకు, రాయిని కొలవడం, ఆమె మీద కోపగించుకోవడం. చనిపోయిన మనిషి మీద కోపం ఎక్కడ దించుకోవాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆ మాట కూడా రాసి ఉండాల్సింది నువ్వు, నాకు రానివాటి పట్టికలో.

వస్తానన్నారు కదా. ఉన్ని బట్టలు తెచ్చుకోండి. మలుపు దగ్గర గాలి.

ఎలిసేయో


తాల్కావానో
ఏప్రిల్ 25

బావా,

ఇంటికి వచ్చేసరికి తలుపు కింద నీ ఉత్తరం ఉంది. మేం బయలుదేరాక వచ్చింది. అది చదవకుండానే నీ దగ్గరికి వచ్చాం, చదవకుండానే తిరిగి వచ్చాం. చదివి ఉంటే ఆ రాత్రి వేరేలా ఉండేదేమో. ఉండేది కాదేమో కూడా. ముందు జరిగింది రాస్తాను. నువ్వు లోపల ఉన్నావు, బయట ఏం జరిగిందో నీకు తెలీదు.

19 సాయంత్రం నిబాల్దో బస్సులో ఎక్కాం. లోయ జనం సగం ఆ బస్సులోనే ఉంది. ఒళ్ళో కోడి, చేతిలో కొవ్వొత్తులు, ఒకాయన ఏకంగా కుర్చీ తెచ్చుకున్నాడు, రాయిని కూర్చుని చూస్తాడట. దారి పొడుగునా నేను నిన్ను తిట్టడానికి మాటలు పేర్చుకున్నా. మంచివి దొరికాయి, ఇప్పటికీ గుర్తున్నాయి. నిబాల్దోను అడిగా, "గూడు ఉన్న చోట ఇప్పుడు ఏముంది?" అని. "మాట్లాడొద్దన్నాడమ్మా" అన్నాడు. "నీకు జీతమిచ్చేది ఆయనా?" అన్నా. "కాదమ్మా, కానీ ఆయన కళ్ళు మీరు చూడలేదు" అన్నాడు.

మలుపు తిరిగాం. గోడ కనబడింది.

మనిషెత్తు గోడ. మేకలవాళ్ళు కొట్టాలకు కట్టినట్టు సున్నం లేకుండా రాయి మీద రాయి. మలుపు ఈ కొస నుంచి ఆ కొస దాకా. అమ్మ బస్సు ఆపమంది. దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళింది. గోడ మధ్యలో, రోడ్డు వైపు, గూడు ఉంది. మేం పేర్చిన రాళ్ళే. అమ్మ నవంబరులో నేల బండ మీద మేకుతో చెక్కిన సిలువ గుర్తు ఉంది కదా, దాని మీదే ఉంది. అమ్మ వంగి వేలితో తడిమి చూసింది. "ఒక్క అడుగు కూడా జరపలేదే" అంది. లోపల అక్క ఫొటో. పక్కన ఆ రేకు పలకలన్నీ వరసగా దిగ్గొట్టి ఉన్నాయి. నీకు అంత అసహ్యమైనవి. ఒక్కటీ పారేయలేదు.

పేర్చుకున్న తిట్లన్నీ అలాగే ఉండిపోయాయి బావా. ఎక్కడ దించుకోవాలో నాకూ తెలీలేదు.

చీకటి పడ్డాక డైరెక్టరు మనిషి ఒకడు ఎర్రకాగితం చుట్టిన టార్చి పట్టుకుని వచ్చాడు. "కొవ్వొత్తులు ఆర్పండి, ఈ రాత్రి ఇక్కడ ఎవరూ ఉండకూడదు" అన్నాడు. అమ్మ ఆ కుర్చీ ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. "ఇలా రా నాయనా" అంది. "గోడకు అవతల నిలబడి చూసి రా. ఒక్క మిణుకు కనబడినా వచ్చి చెప్పు, నేనే ఆర్పుతాను." వాడు వెళ్ళాడు. చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి, "ఏమీ కనబడటం లేదమ్మా" అన్నాడు. "అయితే కూర్చో, టీ తాగు" అంది. కూర్చున్నాడు.

రాయి గురించి ఏం రాయను? నువ్వు చెప్పిందే నిజం. ఏమీ కనబడలేదు. అందరం మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూశాం. కాసేపటికి బావుదీలియో, "వెళ్ళిపోయిందా?" అన్నాడు. డైరెక్టరు మనిషి వాచీ చూసి, "ఇందాకే వెళ్ళింది" అన్నాడు. "చూశారా, నర్సమ్మ చడీచప్పుడు కాకుండా చేసేసింది. ఇంజెక్షను కూడా అలాగే ఇచ్చేది, సూది గుచ్చినట్టే తెలిసేది కాదు" అన్నాడు బావుదీలియో. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అక్క పోయాక అదే మొదటిసారి.

అప్పుడు నేను నీ గుమ్మటానికి ఎక్కి వచ్చాను. గుర్తుందా? తలుపు కొట్టాను.

"తీయకు. వెలుగు వస్తుంది" అన్నావు లోపలి నుంచి.

"నా దగ్గర వెలుగెక్కడిది బావా? ఆర్పి ఇచ్చావుగా."

మళ్ళీ తలుపు కొట్టాను.

"అమ్మ కింద ఉంది. ఒక్కసారి దిగి రా."

"పని అయ్యాక వస్తాను."

ఆ మాటే అన్నావు. అక్కతో కూడా ఈ మాటే అనేవాడివి, పండగ పూట భోజనాలకు మేం కూర్చుని ఎదురు చూస్తుంటే. తెల్లవారేదాకా చూశాం. నిబాల్దో కింద డ్యూటీకి బస్సు తిప్పాలి. అమ్మ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, నేల మీద ఒక కాలు పెట్టి నిలబడింది. నువ్వు రాలేదు. ఎక్కింది.

నేను ఆ దీపం సంచిలో తెచ్చాను బావా. గూట్లో పెట్టేదామనే తెచ్చాను. నువ్వు వస్తే నీ చేతికే ఇద్దామనుకున్నా. రాలేదు కాబట్టి మళ్ళీ సంచిలోనే తెచ్చేసుకున్నా. నా బుద్ధి అంతే.

గోడ కడుతున్నానని ఒక్క వాక్యం రాసి ఉంటే అమ్మ అన్ని రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయేది కాదు. ఒక్క వాక్యం. నువ్వు రాయలేదు. అక్క అడగలేదు. మీ ఇద్దరూ సరిగ్గా దొరికారు ఒకరికొకరు. ఒకరు అడగరు, ఒకరు చెప్పరు, మధ్యలో లోయ.

గుమ్మటం మూసి ఉందన్న మాట అమ్మకు చదివి వినిపించలేదు. నేను మోస్తాను దాన్ని.

కోపం తగ్గలేదు.

రొసెందా


సెర్రో మూదో కొండ
మే 4

రొసెందా,

నేను దిగి వచ్చాను. తెల్లవారే దాకా ఆ రాయి నాకు కనబడుతూనే ఉంది. చివరి కొలత తీసి, కప్పు మూసి, మలుపు దగ్గరికి వచ్చేసరికి కింద రోడ్డు మీద బస్సు దుమ్ము లేస్తోంది. కుర్చీ అక్కడే ఉంది. కాసేపు అందులో కూర్చున్నాను. ఈ సంగతి కూడా రాయకూడదనుకున్నాను. నీ ఉత్తరం చదివాక రాస్తున్నాను.

కొలతలు బాగా వచ్చాయి. లెక్క నిన్న పూర్తయింది. అది మళ్ళీ వచ్చేసరికి నువ్వూ నేనూ ఉండం. అప్పుడూ తాకదు. బావుదీలియోకు చెప్పాను. "అంత ముందు దాకా కూడా చూసి పెట్టిందా" అని కొత్త పలక చేయించి తెచ్చాడు. మేకులు అయిపోయాయంటే నేనే ఇచ్చాను.

గోడ గురించి ఒక వాక్యం అడిగావు. మూడు రాస్తాను. ఆమె పోయిన నెలలోనే ఆ మలుపులో గోడ కట్టించమని అర్జీ పెట్టాను. గేటుకు కింద తమకు సంబంధం లేదన్నారు. గూడును మాత్రం గేటుకు కిందైనా తీయించగలమన్నారు, అప్పుడు గడ్డపార తీసుకున్నాను. గూడు విప్పకుండా దాని వెనక పునాది పడదు. విప్పాను, పునాది వేశాను, ఉన్నచోటే తిరిగి పేర్చాను. ఇవి మూడు కంటే ఎక్కువయ్యాయి.

ముందే ఎందుకు రాయలేదంటే, పూర్తి కాకముందే ఎవరో ఒకరు ఆపేస్తారనుకున్నాను. అది సగం కారణం. మిగతా సగం, నువ్వు తిడుతుంటే నాకు పని సాగేది. నీ ఉత్తరం వచ్చిన రోజు ఎక్కువ రాళ్ళు ఎత్తేవాణ్ణి.

అనుమతి లేకుండా కట్టానని డైరెక్టరు కాగితం పంపాడు. కూల్చాలట. వెళ్ళి చెప్పాను: "కూలుద్దాం. ముందు మీరు ఒక రాత్రి మీ బండిలో చిన్న లైట్ల మీద ఆ మలుపు దిగి చూపించండి. నేను పక్క సీట్లో కూర్చుంటాను." ఈసారి కుర్చీ చూపించలేదు. ఇప్పటిదాకా రాత్రి ఏదీ చెప్పలేదు. చెబితే కూర్చుంటాను.

గోడ మీద సున్నంతో రాశాను, పైనుంచి దిగేవాళ్ళకు కనబడేలా: ఇక్కడ హెడ్‌లైట్లు వేయండి. గుమ్మటం సంగతి మీకెందుకు.

రెండో వాక్యం మర్యాదగా లేదని నిబాల్దో అన్నాడు. మర్యాద చేసే మనిషి కిందటి జూలైలో పోయిందన్నాను.

అత్తయ్యకు గుమ్మటం సంగతి నువ్వు మోయనక్కర్లేదు. డిసెంబరులో వస్తాను. నేనే చెబుతాను. అప్పటిదాకా కోపం అలాగే ఉంచు, నాది కూడా ఉంది.

బీరువా తెరిచాను. బట్టలు పెట్టెలో పెట్టి పంపుతున్నాను. నీలం ఉన్ని కోటు ఒక్కటి ఉంచుకున్నాను. ఆల్చిప్పలు నానబెట్టే వండాను, అయినా గట్టిగానే వచ్చాయి.

దీపం తిరిగి పంపు. బ్యాటరీలు నేను ఇక్కడ కొంటాను. గోడ వెనక అది తెల్లవార్లూ వెలిగినా నాకు కనబడదు.

నిన్న రాత్రి నేను పనిలో ఉన్నాను. కప్పు తెరిచి ఉంది. పైనుంచి ఏదో బండి దిగింది. ఆ చప్పుడు వినగానే చెయ్యి అలవాటుగా ఫొటో ఆపే మీట మీదికి వెళ్ళింది. ఆపలేదు. ఉదయం చూస్తే ఫొటో శుభ్రంగా ఉంది. మధ్యాహ్నం నిబాల్దో వస్తే అడిగాను, రాత్రి దిగింది ఎవరని. తానే అన్నాడు.

"లైట్లు వేశావా?"

"గేటు దగ్గరే వేశాను. రోడ్డంతా పట్టపగల్లా ఉంది. గూట్లో నర్సమ్మ మొహం కూడా కనబడింది."

నాకు గుమ్మటంలో ఏమీ కనబడలేదు. ఇంజను చప్పుడు మాత్రం మలుపు తిరిగి, కిందికి, ఊరి దాకా వినబడింది.

ఎలిసేయో